చతురంగ గృహసంఖ్య – పాఠపరీక్షకు దాని గణితధర్మముల వినియోగము

కృష్ణా తుంగభద్రల నడుమ నున్న గద్వాల, కృష్ణకు ఉత్తరపుటొడ్డున నున్న వనపర్తి, నేటి నాగర్‌కర్నూలు జిల్లాలోని కొల్లాపురము రాజధానిగా వెలసిన జటప్రోలు – ఈ సంస్థానములు సంస్కృతాంధ్ర పండితులకు ఆశ్రయములై వన్నెకెక్కినవి. గద్వాలకు ‘విద్వద్గద్వాల’ అను ప్రసిద్ధియు కలదు. అట్టి సభలలో ఛందస్సు, జ్యోతిషము వేరువేరు శాస్త్రములుగా గాక ఒక్క పండితుని విద్యలోని భాగములుగనే ఉండెడివి. అష్టావధానమున చతురంగము ఒక అంశముగా చేరుట ఈ కలయికకు నిదర్శనము. చతురంగము, ఛందస్సు, గణితము మూడును ఒక్కచోట కూడిన ఆంధ్రపద్య మొకటి కలదు. అది పావులూరి మల్లన గణితమునకు చెందినదిగా పండితలోకమున ప్రసిద్ధమైన చంపకమాల. చతురంగపు పటము మీది అరువదినాలుగు గళ్ళలో మొదటి గడికి ఒకటి, తరువాతి గడులకు క్రమముగా రెట్టింపు చొప్పున గింజలుంచినచో మొత్తమెంత అనుదానిని ఈ పద్యము భూతసంఖ్యలతో చెప్పుచున్నది. ఆ మొత్తము ఇది: 1,84,46,74,40,73,70,95,51,615.

ఇరువది అంకముల ఈ సంఖ్యను ఆశ్చర్యకరమని చెప్పి విడుచుట కద్దు. కాని దీనికి గల గణితధర్మములు గ్రంథపరిష్కర్తకు మిక్కిలి ఉపయోగించునవి. తాళపత్రమున ఒక పదము మారినను, చెడినను, అర్థసందేహము కలిగినను సరియైన పాఠమేదో ఈ సంఖ్యయే చెప్పగలదు. ఆ విధమును నిరూపించుట ఈ వ్యాసమునకు ప్రయోజనము.

సంఖ్యాస్వరూపము

మల్లన గ్రంథమునకు మూలము మహావీరాచార్యుని గణితసారసంగ్రహము. మహావీరుడు క్రీ.శ. తొమ్మిదవ శతాబ్దిలో రాష్ట్రకూట చక్రవర్తి అమోఘవర్ష నృపతుంగుని ప్రస్తుతించిన జైనాచార్యుడు. అమోఘవర్షుని రాజధాని మాన్యఖేటము గద్వాలకు వాయవ్యమున, నేటి కర్ణాటకలోని కలబురగి జిల్లాలో ఉన్నది. మల్లన రాజరాజనరేంద్రుని కాలమువాడని కొందరును, అదే పేరుగల తాతకు మనుమడై పండ్రెండవ శతాబ్దిలో నుండెనని కొందరును తలచుచున్నారు. ఎట్లైనను తెలుగున శాస్త్రగ్రంథరచనకు ఆయన తొలినాటివాడు.

భాస్కరాచార్యుడు లీలావతిలో చెప్పిన స్థాననామములు ఏకము మొదలు పరార్ధము వరకు పదునెనిమిది మాత్రమే. చతురంగ గృహసంఖ్యకు ఇరువది స్థానములు కావలెను. అనగా ఇది 184 పరార్ధములను మించిన సంఖ్య. ఆ పట్టికలో దీని పై రెండంకములకు పేర్లు లేవు. మహావీరుని పట్టికలోనో మహాక్షోభము వరకు ఇరువదినాలుగు స్థానములున్నవి. వాని ననుసరించి ఈ సంఖ్యను పై స్థానమునుండి చదివినచో మహాశంఖమున 1, శంఖమున 8, మహాక్షోణి క్షోణులలో 4, 4, మహాపద్మమున 6, పద్మమున 7, మహాఖర్వ ఖర్వములలో 4, 4, న్యర్బుదమున 0, అర్బుదమున 7, శతకోటి యందు 3, దశకోటి యందు 7, కోటి స్థానమున 0, దశలక్షమున 9, లక్షమున 5, దశసహస్రమున 5, సహస్రమున 1, శతమున 6, దశమున 1, ఏకమున 5 అగును. మహావీరుని సంప్రదాయము ననుసరించిన కవికి ఇంతటి సంఖ్యను నిలుపుటకు స్థానములు సిద్ధముగా ఉండెను.

ఈ సంఖ్య పరిమాణము పౌరాణిక కాలమానముచే సులభముగ బోధపడును. సూర్యసిద్ధాంతమున ఒక మహాయుగమునకు 1,57,79,17,828 సావనదినములు. దినమునకు 21,600 ప్రాణములు. వేయి మహాయుగము లొక కల్పము. ఒక ప్రాణకాలమునకు ఒక గింజ చొప్పున లెక్కించుచు పోయినచో ఈ గింజలు తరుగుటకు 541 కల్పములు దాటును. బ్రహ్మదేవుని ఒక సంవత్సరమునకు 720 కల్పములు గదా. అందు మూడువంతులు ఈ లెక్కకే చెల్లును. వేయి వడ్లగింజలు సుమారు 25 గ్రాములు తూగుననుకొన్నచో మొత్తము 46,000 కోట్ల టన్నులకు పైబడును.

మహమ్మదీయ పండితుడైన అల్ బిరూనీ క్రీ.శ. 1000 ప్రాంతమున రచించిన కాలగణన గ్రంథమునను చతురంగపు గళ్ళ లెక్క ఈ సంఖ్యగానే చెప్పబడినది. రెండు దేశములలో, రెండు భాషలలో, ఇంచుమించు సమీపకాలములలో ఒకే ఫలము నిలిచినదన్నమాట.

ఉత్పత్తి, ఛందస్సుతో సంబంధము

ఒకటి మొదలు రెట్టించుచు పోయిన పంక్తిలో ఎంతవరకు కూడినను ఆ మొత్తము తరువాతి పదముకంటె ఒకటి తక్కువ. 1, 2, 4 కూడిన 7. తరువాతి పదము 8. మొత్తమునకు ఒకటి చేర్చినచో మొదటి రెండొకట్లు కలిసి 2, అది రెండవ పదముతో కలిసి 4, అది మూడవదానితో కలిసి 8 – ఇట్లు తుదివరకు చేరును. కావున అరువదినాలుగు గళ్ళ మొత్తము, రెంటిని అరువదినాలుగు మార్లు గుణింపగా వచ్చు సంఖ్యకంటె ఒకటి తక్కువ.

ఇంత గుణకారమునకు అరువదినాలుగు మెట్లు అక్కరలేదు. పింగళాచార్యుడు ఛందశ్శాస్త్రమున వృత్తసంఖ్యను తెలిసికొనుటకు సగము చేయుట, వర్గించుట అను ఉపాయమును చెప్పెను. 64 ను సగములు చేయగా 32, 16, 8, 4, 2, 1 అగును. ఎచ్చటను బేసి రాదు. కావున రెంటిని ఆరుమార్లు వర్గించిన చాలును: 4, 16, 256, 65,536, 4,29,49,67,296, తుదకు 1,84,46,74,40,73,70,95,51,616. దీనిలో ఒకటి తీసివేసిన మన సంఖ్య.

ఛందస్సున ఉద్దిష్టమను ప్రత్యయము ఇదే గణితము. వృత్తము అక్షరములపై 1, 2, 4, 8 అని వరుసగా వ్రాసి, లఘువులపై నున్న అంకములను కూడి, ఒకటి చేర్చినచో ప్రస్తారమున ఆ వృత్తము ఎన్నవదో తెలియును. చంపకమాల ఇరువదియొక్క అక్షరముల ప్రకృతి ఛందమునకు చెందినది. ఆ ఛందమున పుట్టు వృత్తములు 20,97,152. చంపకమాల లఘువులపై అంకముల మొత్తము 7,11,599. ఒకటి చేర్చగా 7,11,600. లక్షణగ్రంథములు చంపకమాలకు చెప్పు వృత్తసంఖ్య ఇదియే. పదునారు అక్షరముల అష్టి ఛందమున నాలుగు పాదములు కలిపి అరువదినాలుగు అక్షరములు. అవన్నియు లఘువులే అయినచో, వానిపై అంకముల మొత్తము సరిగా చతురంగ గృహసంఖ్య. ఒకటి చేర్చినచో ఆ ప్రస్తారమున తుది భేదము. చతురంగపు గడియు పద్యమందలి అక్షరమును గణితమున ఒకటే అగుచున్నవి. నేటి కంప్యూటరులలో అరువదినాలుగు బిట్ల చోటున ఇముడగల గరిష్ఠ పూర్ణసంఖ్యయు ఇదియే. అచ్చట గురులఘువులకు మారుగా సున్న, ఒకటి ఉండును.

భాజకములు

రెండు వర్గముల అంతరము ఆ రెంటి యోగాంతరముల గుణకారమునకు సమమని లీలావతీ పాఠకులకు తెలిసినదే. మన సంఖ్య ఒక వర్గమునకు ఒకటి తక్కువ గనుక 4,29,49,67,297, 4,29,49,67,295 అను రెంటి గుణకారము. రెండవదియు మరల వర్గమునకు ఒకటి తక్కువ. ఇట్లు విడదీయుచు పోగా 3, 5, 17, 257, 65,537, 4,29,49,67,297 అను ఆరు గుణకములు లభించును.

ఈ ఆరింటిలో మొదటి ఐదును ప్రధానసంఖ్యలు. అనగా ఒకటి చేతను తమచేతను తప్ప నిశ్శేషముగా భాగింపబడనివి. ఈ వరుసలోని సంఖ్య లన్నియు ప్రధానములే అని ఫ్రెంచి గణితజ్ఞుడు ఫెర్మా 1640 ప్రాంతమున తలచెను. ఆరవది అట్టిది కాదని 1732లో ఆయిలరు చూపెను. అది 641, 67,00,417 అను రెంటి గుణకారము. దీనికి చక్కని ఉపపత్తి కలదు. 641 అనునది 5ను 128చే గుణించి ఒకటి చేర్చినది. 5 యొక్క చతుర్ఘాతమగు 625కు 2 యొక్క చతుర్ఘాతమగు 16 చేర్చినదియు అదియే. మొదటిదానివలన 641తో భాగించునప్పుడు 5, 128 ల గుణకారము ఋణరూపమునకు, అనగా ఒకటి తక్కువకు సమము. దాని చతుర్ఘాతము ధనరూపమునకు సమము. రెండవదానివలన 625 కు మారుగా ఋణము 16 ను ఉంచవచ్చును. అట్లుంచగా రెంటిని ముప్పదిరెండు మార్లు గుణించినది ఋణరూపమునకు సమమగును. దానికి ఒకటి చేర్చిన శేషము లేదు.

కావున చతురంగ గృహసంఖ్యకు 3, 5, 17, 257, 641, 65,537, 67,00,417 అను ఏడు ప్రధానభాజకములు. ఏ ఒకటియు రెండుమార్లు రాదు. ఒక్కొక్కదానిని తీసికొనుట, విడుచుట అను రెండేసి విధములచే మొత్తము భాజకములు 128.

పాఠపరీక్ష

ఇక పద్యపాఠము సంగతి. భూతసంఖ్యలలో అంకములు ఎడమవైపునకు నడచును. మొదట చెప్పిన పదము ఏకస్థానమునకు చెందును. ఈ పద్ధతి వృత్తమున ఒదుగుటకును ధారణకును అనుకూలమే గాని దీనికి మూడు విధముల ప్రమాదములున్నవి.

మొదటిది లేఖకదోషము. పర్వతవాచకమగు ‘నగ’ శబ్దము ఏడు. దానికి దీర్ఘము వచ్చి ‘నాగ’ అయినచో ఎనిమిది. లఘువుండవలసిన చోట గురువు వచ్చి గణభంగమగును గనుక ఈ దోషమును ఛందస్సే పట్టి యిచ్చును. కాని ఈ పద్యమున పదుమూడవ స్థానమునందు సముద్రవాచకమైన ‘అబ్ధి’ కలదు. దాని స్థానమున ‘అద్రి’ అని వ్రాసినచో నాలుగు ఏడగును. రెండును గురులఘువులలో సమములు. అచ్చట యతిప్రాసలును లేవు. ఛందస్సు ఈ దోషమును పట్టజాలదు.

రెండవది అర్థసందేహము. ఈ పద్యమున ఏడవ స్థానమునందు ‘రంధ్ర’ శబ్దమున్నది. దేహమందలి నవద్వారములను బట్టి దానికి తొమ్మిది అని అర్థము. శూన్యమను అర్థమున సున్న అనియు ప్రయోగము కలదు. పాఠము మారకయే సంఖ్య మారగల చోటిది.

మూడవది గతిదోషము. అంకములను కుడివైపునకు నడిపి వ్రాయుట.

ఈ మూటికిని పరీక్ష సంఖ్యలోనే ఉన్నది. పదిని తొమ్మిదిచే భాగించిన శేషము ఒకటి గనుక, ఏ సంఖ్యకైనను అంకముల మొత్తముచే నవశేషము తెలియును. ఈ నవశేషపరీక్ష రెండవ ఆర్యభటుని మహాసిద్ధాంతమున చెప్పబడినది. ఇష్టమైన హారముతో పరీక్షించుటను నారాయణ పండితుడు 1356 నాటి గణితకౌముదిలో చూపెను. రెంటి ఘాతములను తొమ్మిదిచే భాగింపగా శేషములు 2, 4, 8, 7, 5, 1 అని ఆరింటికొకమారు తిరుగును. అరువదినాలుగవది ఈ చక్రమున నాలుగవది గనుక శేషము 7. ఒకటి తీసిన 6. పద్యమందలి అంకముల మొత్తము 87. దాని నవశేషమును 6. పెద్ద గుణకారమేమియు చేయకయే ఈ సామ్యము తెలియుచున్నది. ‘అద్రి’ పాఠమైనచో మొత్తము 90, శేషము సున్న. కావున ఆ పాఠము త్యాజ్యము.

కాని నవశేషమునకు పరిమితి కలదు. తొమ్మిదికిని సున్నకును భేదము దానికి తెలియదు. ‘రంధ్ర’ శబ్దమున కలిగిన సందేహము సరిగా ఈ రెంటి నడుమనే ఉన్నది! అంకముల క్రమము తారుమారైనను మొత్తము మారదు గనుక గతిదోషమును సైతము అది పట్టదు. ఇచ్చట పదునొకండు హారముగా గ్రహింపవలెను. ఏకస్థానమునుండి అంకములను ఒకటి విడిచి ఒకటి ధనముగను ఋణముగను కూడినచో పదునొకండుచే శేషము తెలియును. రెంటి ఘాతములకు పదునొకండుచే శేషములు 2, 4, 8, 5, 10, 9, 7, 3, 6, 1 అని పదింటికొకమారు తిరుగును. అరువదినాలుగవదానికి 5, ఒకటి తీసిన 4. పద్యమున ధనఋణముల ఫలము 37, శేషము 4. సరిపోయినది. ‘రంధ్ర’ మునకు సున్న అన్నచో ఫలము 28, శేషము 6, పొసగదు. కావున ఇచ్చట రంధ్రము తొమ్మిదియే. అంకములను తలక్రిందుగా వ్రాసినచో శేషము 7 అగును; అదియు పొసగదు.

ఒక పదము పురుగు తినిపోయినచో దానిని పూరించుటకును ఇదే మార్గము. పదునారవ స్థానమందలి పదము లోపించిన దనుకొందము. తక్కిన అంకముల మొత్తము 81, నవశేషము సున్న. రావలసినది 6, కావున లోపించినది ఆరు. ఆరునకు రసము, ఋతువు, అంగము, తర్కము మొదలగు పదము లెన్నియో కలవు. వానిలో ఏది పద్యమునకు తగునో గణయతుల ననుసరించి నిర్ణయింపవలెను. అంకమును గణితము, పదమును ఛందస్సు తీర్చును.

రెండు మూడు దోషములు కలిసివచ్చి ఒకదాని నొకటి కప్పుకొనినచో ఈ రెండు పరీక్షలును తప్పవచ్చును. అప్పుడు ఏడు ప్రధానభాజకములతోడను భాగింపవలెను. ఏడింటిచేతను నిశ్శేషముగా భాగింపబడు సంఖ్య మన సంఖ్యకు గుణిజమే కావలెను. ఇరువది స్థానములలో అట్టివి ఐదు మాత్రమే ఉన్నవి. వానిలో మహాశంఖస్థానమున ఒకటి గలది ఇదొక్కటియే. ఇంతకంటె సులభముగ, పాఠమున వచ్చిన సంఖ్యకు ఒకటి చేర్చి ఆరుమార్లు వర్గమూలము తీయవచ్చును. తుదకు రెండు మిగిలిన పాఠము శుద్ధము.

వినియోగము, పరిమితి

ఈ పద్యము విషయమున సంఖ్య లోకప్రసిద్ధము గనుక పరీక్ష అనావశ్యకమనిపించవచ్చును. కాని ప్రసిద్ధసంఖ్యపై నేర్చిన పరీక్షను అప్రసిద్ధసంఖ్యలపై ప్రయోగింపవచ్చును. జ్యోతిష గ్రంథములలో పెద్ద సంఖ్యలన్నియు ఇట్టి పదములతోనే ఉన్నవి. వానికి గుణోత్తర పంక్తివలె ఒకే సూత్రము లేకపోయినను పరస్పరసంబంధములు కలవు. సూర్యసిద్ధాంతమున మహాయుగమందలి నాక్షత్రదినములు 1,58,22,37,828, రవిభగణములు 43,20,000, ఈ రెంటి అంతరము సావనదినములు 1,57,79,17,828 కావలెను. ఆర్యభటీయమున నాక్షత్రదినములు 1,58,22,37,500, అంతరము 1,57,79,17,500. ఒక ప్రతిలో ఈ మూడు సంఖ్యలలో ఒకటి చెడినచో తక్కిన రెండు దానిని చెప్పును. ఒక సిద్ధాంతపు సంఖ్య మరియొకదాని ప్రతిలో చొరబడినను బయటపడును. పాలమూరు సీమ సంస్థానములవంటి చోట్ల విద్వత్కుటుంబములలో నిలిచిన జ్యోతిష ఛందో గ్రంథముల ప్రతులను పరిష్కరించువారు పాఠాంతరములను అధస్సూచికలో చేర్చుటతో తృప్తిపడక, సంఖ్యావాచకము వచ్చిన ప్రతిచోటను ఈ సంబంధములను పరికించుట అవసరము. అధికసంఖ్యాక ప్రతులలో నున్నదని తప్పుసంఖ్యను మూలమున నిలిపి, ఒకే ప్రతిలోని ఒప్పుసంఖ్యను అడుగునకు దింపినచో పరిష్కరణమే గ్రంథమునకు హాని చేసినదగును.

దీనికి హద్దును గుర్తింపవలెను. సంఖ్య శుద్ధమైనంత మాత్రమున పద్యకర్త ఎవరో, ఏ కాలమువాడో నిర్ణయము కాదు. అది భాషాలక్షణములచేతను ఇతర సాధనములచేతను తేలవలసినది. మరియు గ్రంథకర్తయే లెక్కలో పొరపడిన సందర్భములుండవచ్చును. అట్టిచోట పరిష్కర్త దిద్దిన సంఖ్యను మూలమున నిలుపక, ప్రతులలోని పాఠమునే ఉంచి దోషమును సూచింపవలెను. లేఖకుని తప్పును దిద్దుట పరిష్కర్త ధర్మము. గ్రంథకర్త తప్పును దాచుట కాదు.

చతురంగ గృహసంఖ్య విషయమున అట్టి చిక్కు లేదు. ఇరువది పదములలో ఏ ఒక్కటియు జారక, అర్థసందేహమున్న చోటను తానే తీర్పు చెప్పుకొనుచు ఆ సంఖ్య నేటివరకు నిలిచినది. పద్యమును ధారణ చేసినవారు దానిని కాపాడిరి. గణితమెరిగినవారు దానిని పరీక్షింపగలరు. ప్రాచ్యవిద్యా కళాశాలలలో ఛందస్సు బోధించునప్పుడు ఉద్దిష్టముతోపాటు ఈ సంఖ్యను, నవశేష పరీక్షను, పదునొకండు హారముగా చేయు పరీక్షను చూపినచో, విద్యార్థి ముందుముందు తాళపత్రము చేత పట్టినప్పుడు అది అక్కరకు వచ్చును.